లోడు లాగే డీజిల్ పికప్‌కు ఏ టర్బో?

ప్రశ్న ఇది. 2001 మోడల్ పికప్, 5.9 లీటర్ల 24 వాల్వ్ కమిన్స్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్. ఇంజెక్టర్లు పెద్దవి వేసి, ట్యూనింగ్ బాక్స్ పెట్టారు. ఏడాది పొడుగునా దాదాపు 6 టన్నుల ట్రైలర్ లాగుతారు, సీజన్‌లో అప్పుడప్పుడు స్లెడ్ పుల్లింగ్ (బరువైన స్లెడ్‌ను వీలైనంత దూరం లాగే) పోటీకి వెళ్తారు. కంపెనీ టర్బో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే పరికరం) హెచ్ఎక్స్35 ఆయిల్ కారుస్తోంది. లోడుతో మిట్ట ఎక్కితే ఎగ్జాస్ట్ వేడి 1,350 ఫారెన్‌హీట్, అంటే 730 సెల్సియస్ దాటుతోంది. స్నేహితులు 75 ఎంఎం ఎస్400 అనే పెద్ద టర్బో పెట్టమంటున్నారు (ఎంఎం అంకె గాలి పీల్చే చక్రం వ్యాసం). ఒకే టర్బోతో రెండు పనులూ జరగాలి, ఏది కొనాలి?

75 వద్దు. మీరు చెప్పిన బండికి ఎస్300 సైజులో 62 లేదా 63 ఎంఎం టర్బో, వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బైన్ చక్రానికి తగలకుండా పక్కనుంచి వదిలే వాల్వు) ఉన్నది తీసుకోండి. టర్బైన్ హౌసింగ్ (పొగ తిప్పే చక్రం చుట్టూ ఉండే గూడు) గొంతు 12 చదరపు సెంటీమీటర్లా 14 ఆ అన్నది కింద చెప్తాను. అసలు ఆలోచించాల్సింది అక్కడే. అందరూ కంప్రెసర్ (గాలి నెట్టే చక్రం) సైజు గురించి వాదించుకుంటారు, ఎగ్జాస్ట్ వైపు ఏముందో అడిగేవాళ్ళు తక్కువ.

స్లెడ్ పుల్లింగ్, ట్రైలర్ లాగడం రెండూ చూడటానికి బరువు లాగడమే. ఇంజిన్‌కు మాత్రం అవి పూర్తిగా వేరు పనులు. పోటీ ట్రాక్ పొడవు 300 అడుగులు, అంటే 90 మీటర్ల పైచిలుకు. కొద్ది సెకన్లలో అయిపోతుంది. ఆ కాసేపట్లో ఎగ్జాస్ట్ వేడి ఎంత ఎగబాకినా పిస్టన్ లోహం మొత్తానికి ఆ వేడి పట్టే వ్యవధి ఉండదు. అదే ట్రైలర్‌తో పది కిలోమీటర్ల మిట్ట ఎక్కుతుంటే ఇంజిన్ పావుగంట సేపు ఫుల్ లోడులోనే ఉంటుంది. పిస్టన్, వాల్వులు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే గొట్టం), టర్బైన్ చక్రం అన్నీ నానిపోయినట్టు వేడెక్కుతాయి. ఇంజిన్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఆ పావుగంటను చూసుకుని టర్బో ఎంచుకోవాలి. పోటీ దానికి సర్దుకోవాలి.

ఆ పావుగంటలో ఇంజిన్ నుంచి ఎంత కావాలో లెక్క వేద్దాం. 6 టన్నుల ట్రైలర్, బండి 3 టన్నులు, మొత్తం 9 టన్నులు. 6 శాతం వాలు, గంటకు 80 కిలోమీటర్ల వేగం. ఆ బరువును పైకి ఎత్తడానికే దాదాపు 118 కిలోవాట్లు. టైర్ల రాపిడికి, ఎదురుగాలికి ఇంకో 40 వేసుకోండి. గేర్‌బాక్సులో, యాక్సిల్‌లో పోయేది కూడా కలిపితే ఇంజిన్ దగ్గర 240 హార్స్‌పవర్ చుట్టుపక్కల తేలుతుంది. మీ ఇంజిన్ ఆరు గేర్ల మోడల్‌లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే 245 హార్స్‌పవర్‌తో. అంటే ఇంత లోడు ఇంత వేగంతో ఎక్కించడానికి కొత్తగా పవర్ అక్కర్లేదు. ఉన్న పవర్‌నే చల్లగా, పొగ లేకుండా, ఆగకుండా ఇవ్వగలగాలి.

ఇంజిన్‌కు ఇప్పుడు గాలి లెక్క. 250 హార్స్‌పవర్‌కు నిమిషానికి సుమారు 0.68 కిలోల డీజిల్ కాలుతుంది. డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం ఒకటికి పద్నాలుగున్నర రెట్లు గాలి చాలు. కానీ లోడులో వేడి అదుపులో ఉండాలంటే 22 నుంచి 25 రెట్లు పోవాలి. ఎక్కువయిన గాలే లోపలి వేడిని పలచన చేస్తుంది. 24 రెట్లు వేస్తే నిమిషానికి 16.3 కిలోలు, కంప్రెసర్ చార్టుల్లో వాడే పౌండ్ల లెక్కలో 36.

ఈ గాలి ఎంత బూస్ట్‌తో (టర్బో గాలికి అదనంగా ఇచ్చే ఒత్తిడి, పీఎస్‌ఐలలో కొలుస్తారు) వస్తుందన్నది మీరు ఏ ఆర్‌పీఎం మీద ఉన్నారో దాన్ని బట్టి ఉంటుంది. 2,300 ఆర్‌పీఎం మీద అయితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) సరిగ్గా ఉంటే 22 పీఎస్‌ఐ బూస్ట్ సరిపోతుంది. అదే మిట్టను ఆరో గేరులో 1,700 మీద నెట్టుకొస్తే అంతే గాలికి 35 పీఎస్‌ఐ కావాలి. 1,700 దగ్గర అంత బూస్ట్ ఏ మామూలు టర్బో ఇవ్వదు. ఇవ్వలేనప్పుడు డీజిల్ మాత్రం పడుతూనే ఉంటుంది, గాలి తక్కువవుతుంది, వేడి చుక్కలనంటుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ 1,350లో కొంత భాగం గేరుదే అయ్యుండొచ్చు. ఇంజిన్ గొంతు పెరుగుతుందని భయపడి చాలామంది గేరు దించరు. ఈ ఇంజిన్ 2,200 నుంచి 2,500 మధ్య గంటలకొద్దీ తిరగడానికే కట్టింది. దించండి.

ఇంకో అనుమానం కూడా ఉంది. లెక్క ప్రకారం 36 పౌండ్ల గాలిని మంచి కండిషన్‌లో ఉన్న హెచ్ఎక్స్35 కూడా ఇవ్వగలదు. అయినా మీకు వేడి దాటుతోందంటే ఎక్కడో గాలి పోతోందేమో చూడాలి. కొత్త టర్బో ఆర్డర్ పెట్టేముందు ఇంటర్‌కూలర్ పైపుల రబ్బరు బూట్లు, క్లాంపులు విప్పి చూడండి. టర్బో నోటికి మూత బిగించి, షాప్ కంప్రెసర్‌తో 20 పీఎస్‌ఐ గాలి పెట్టి సబ్బు నీళ్ళు కొట్టండి. బుడగలు వచ్చిన చోటే లీకు. ఆ టెస్టు చేసేటప్పుడు మూత ఊడి ఎగిరితే ప్రమాదం, దాని ఎదురుగా నిలబడకండి. ఈ ఇంజిన్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడికి కుంచించుకుపోయి పగలడం మామూలే, చివరి సిలిండర్ల దగ్గర మసి మరకలు ఉంటే పట్టేయొచ్చు. టర్బైన్‌కు చేరకుండా పొగ బయటికి పోతే బూస్ట్ ఆలస్యంగా వస్తుంది, వేడి పెరుగుతుంది. కొత్త టర్బో కూడా ఆ లీకు మీద పెడితే పాతదానిలాగే పనిచేస్తుంది.

పోటీ సంగతి. ఇంజెక్టర్లు, బాక్సు కలిసి ఇంజిన్ దగ్గర 550 హార్స్‌పవర్ వరకూ డీజిల్ ఇవ్వగలవనుకుందాం. పోటీలో కాస్త నల్లపొగ వచ్చినా పర్వాలేదు కాబట్టి గాలి 18 రెట్లు చాలు. నిమిషానికి సుమారు 28 కిలోలు, అంటే 61 పౌండ్లు. 3,000 ఆర్‌పీఎం మీద 35 పీఎస్‌ఐ బూస్ట్. హెచ్ఎక్స్35 ఇక్కడ చేతులెత్తేస్తుంది. దాని కంప్రెసర్ చక్రం చిన్నది. షాఫ్ట్ వేగం హద్దు దాటి, గాలిని నెట్టడం కన్నా కాచడం ఎక్కువవుతుంది.

అంటే మీకు కావల్సిన టర్బో 36 పౌండ్ల దగ్గర హాయిగా ఉండాలి, 61 వరకూ సాగాలి. 62, 63 ఎంఎం టర్బోలు ఈ రెంటి మధ్యలో సరిగ్గా కూర్చుంటాయి. 66 వేసినా నడుస్తుంది, కానీ ట్రైలర్ వైపు కొంత వదులుకుంటారు. 75 ఎంఎం ఎస్400కు 61 అన్నది ఏ మూలకూ చాలదు, 36 అయితే దానికి నిద్రలో ఉన్నట్టే. మీ ఇంజెక్టర్లు దానికి తగ్గ డీజిల్ ఇవ్వలేవు. పవర్ వచ్చేది డీజిల్ కాలడం వల్ల, టర్బో దానికి గాలి సర్దుతుంది అంతే. డీజిల్ పెంచకుండా టర్బో పెంచిన బండి పోటీలో కూడా లైను దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే స్లెడ్ కదిలించేటప్పుడు బూస్ట్ ఉండదు.

కంప్రెసర్ మ్యాప్ (పైన చెప్పిన కంప్రెసర్ చార్టు) చూడటం నేర్చుకోండి, అమ్మేవాళ్ళ మాటల కన్నా అది నమ్మకం. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా ప్రెషర్ రేషియో ఉంటాయి. లోపల గుండ్రంగా గీసిన గీతలు సామర్థ్యం, నడిమి గుండ్రంలో ఎక్కువ. ఎడమ చివర సర్జ్ గీత. దానికి ఎడమ పక్కకు పోతే గాలి వెనక్కి తన్నుతుంది. కుడివైపు చివర చోక్, అక్కడ ఎంత తిప్పినా గాలి పెరగదు, వేడి పెరుగుతుంది. ట్రైలర్‌తో మీరుండే చుక్క నడిమి గుండ్రంలో పడాలి. పోటీ చుక్క కుడివైపు అంచుకు దగ్గరగా ఉన్నా ఫర్వాలేదు, కొన్ని సెకన్లే కాబట్టి. పెద్ద టర్బో పెట్టుకుంటే ట్రైలర్ చుక్క సర్జ్ గీత వైపు జరిగిపోతుంది. తక్కువ ఆర్‌పీఎం మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే దగ్గినట్టు, కుక్క మొరిగినట్టు శబ్దం వస్తుందే, అది సర్జ్. చెవికి సరదాగా ఉంటుంది, థ్రస్ట్ బేరింగ్‌కు (షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది) మాత్రం ప్రతి దెబ్బా సుత్తి పోటే.

ప్రెషర్ రేషియో అంటే టర్బో నుంచి బయటికొచ్చే గాలి పీడనాన్ని లోపలికెళ్ళే గాలి పీడనంతో భాగించడం. ఇక్కడ ఎత్తయిన ప్రదేశాల లెక్క చాలామంది మర్చిపోతారు. సముద్రమట్టం దగ్గర బయటి పీడనం 101 కిలోపాస్కల్స్. 2,500 మీటర్ల ఎత్తులో అది 75కి పడిపోతుంది. పైన చెప్పిన 22 పీఎస్‌ఐ బూస్ట్‌తో ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే మానిఫోల్డ్‌లో ఉండేది దాదాపు 255 కిలోపాస్కల్స్. సముద్రమట్టం దగ్గర రేషియో 2.5. ఎత్తులో అదే గాలి ఇంజిన్‌కు అందాలంటే 3.4. ఫిల్టర్‌లో, ఇంటర్‌కూలర్‌లో పోయేది దీనికి అదనం. అంటే షాఫ్ట్ చాలా వేగంగా తిరగాలి. మీరు కొండ దారుల్లో ట్రైలర్ లాగేవారైతే చిన్న టర్బోను ఆ ఎత్తులో అతివేగంగా తిప్పి చంపుతున్నట్టే. మైదానంలో ఎక్కువ తిరిగేవాళ్ళకు 62 కన్నా తగ్గినా చాలు. కొండల్లో తిరిగేవాళ్ళు 62, 63 దాకా పోవడం అర్థవంతం.

ఇక ఎగ్జాస్ట్ వైపు. అమ్మకాల్లో 62/65/12 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటిది కంప్రెసర్ చక్రం గాలి పీల్చే వైపు వ్యాసం. రెండోది టర్బైన్ చక్రం నుంచి పొగ బయటికెళ్ళే వైపు వ్యాసం. మూడోది టర్బైన్ హౌసింగ్ గొంతు వైశాల్యం, చదరపు సెంటీమీటర్లలో. కొన్ని కంపెనీలు దీనికి బదులు ఏ/ఆర్ అనే నిష్పత్తి ఇస్తాయి. హౌసింగ్ చిన్నదైతే పొగ వేగంగా చక్రాన్ని కొడుతుంది, బూస్ట్ తొందరగా లేస్తుంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అదే ఇరుకు అడ్డు పడి ఇంజిన్‌ను వెనక్కి పట్టి లాగుతుంది. పెద్దదైతే అటూ ఇటూ తారుమారు.

ఈ ఇరుకును కొలిచే పద్ధతి డ్రైవ్ ప్రెషర్. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో టర్బోకు ముందు ఎంత ఒత్తిడి ఉందో చూడటం. మానిఫోల్డ్‌కు చిన్న రంధ్రం పెట్టి, ఒక స్టీల్ ట్యూబు చుట్టలుగా చుట్టి చల్లబరిచి, గేజ్‌కు కలిపితే చాలు. ఖర్చు తక్కువ, దాని నుంచి తెలిసేది ఎక్కువ. దీన్ని బూస్ట్‌తో పోల్చండి. రెండూ సమానంగా ఉంటే అంతకన్నా మంచిది లేదు. బూస్ట్ 30, డ్రైవ్ ప్రెషర్ 40, 45 అంటే ట్రైలర్ బండికి తప్పు లేదు. 30కి 60 వస్తుంటే టర్బైన్ వైపు మరీ ఇరుకు. పొగ సిలిండర్ నుంచి బయటికి పోక లోపలే మిగిలిపోతుంది, వేడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి ఎగ్జాస్ట్ వాల్వులను స్ప్రింగుల బలానికి ఎదురుగా ఎత్తి నిలబెడుతుంది, ఇంజిన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది. బూస్ట్ గేజ్ చూసి మురిసిపోయేవాళ్ళు ఈ సంగతి చూడరు. బూస్ట్ ఎక్కువ ఉన్నంత మాత్రాన గాలి ఎక్కువ ఉందని కాదు. వేడెక్కిన గాలి కూడా ఒత్తిడి చూపిస్తుంది.

12 ఆ 14 ఆ? ట్రైలర్ పని ఎక్కువ, పోటీ ఎప్పుడో ఒకసారి అంటే 12, కానీ వేస్ట్‌గేట్ పెద్దది ఉండాలి, అది 30 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకునేలా సెట్ చేయాలి. కింది గేర్ల నుంచే లోడు అందుకుంటుంది. ఇంజెక్టర్లు నిజంగా 550 ఇచ్చేంత ఉంటే, పోటీల మీద మనసుంటే 14. మాన్యువల్ గేర్‌బాక్సుకు 14తో ఇబ్బంది లేదు, ఆర్‌పీఎం మీరే ఎంచుకుంటారు కాబట్టి. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ స్టాల్ వేగం (బండి కదలకుండా ఇంజిన్ చేరగల ఆర్‌పీఎం) టర్బో లేచే ఆర్‌పీఎంకు కలవాలి. కలవకపోతే ట్రైలర్‌తో నిలిచిన చోట నుంచి కదలడమే కష్టం. మీ చేతిలో ఉన్న బండికి, మీరు చెప్పిన వాడకానికి నేనైతే 62/65/12 పెడతాను. పోటీలో ఒకటి రెండు అడుగులు తగ్గితే తగ్గనిస్తాను.

హౌసింగ్ రెండు గదులుగా విడదీసింది తీసుకోండి. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ముందు మూడు సిలిండర్లలో ఒకటి, వెనక మూడింటిలో ఒకటి, మళ్ళీ ముందు, మళ్ళీ వెనక, ఇలా వంతులవారీగా కాలుతాయి. ముందు మూడింటి పొగ ఒక గదిలో, వెనక మూడింటిది ఇంకో గదిలో పోతే ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డు రాదు. ప్రతి దెబ్బా నేరుగా చక్రాన్ని తాకుతుంది. కింది ఆర్‌పీఎంలో తేడా కాలికి తెలిసిపోతుంది. ఆటోమేటిక్ మోడల్‌కు 2000 నుంచి కంపెనీ ఇచ్చిన హెచ్‌వై35కు 9 చదరపు సెంటీమీటర్ల ఒకే గది హౌసింగ్ ఉండేది. అది కింద బాగా లేస్తుంది, కానీ పెద్ద ఇంజెక్టర్లతో పైన ఊపిరాడదు. పాత టర్బోలు దొరుకుతున్నాయని దాన్ని మీ బండికి తెచ్చుకోకండి.

ఫ్లాంజ్ (టర్బోను మానిఫోల్డ్‌కు బోల్టులతో బిగించే అంచు) కూడా చూసుకోవాలి. మీ మానిఫోల్డ్‌కు టీ3 ఫ్లాంజ్. ఎస్300 టర్బోలు టీ3లోనూ, టీ4లోనూ దొరుకుతాయి. ఎస్400 అయితే టీ4 లేదా టీ6, అంటే మానిఫోల్డ్ మార్చాల్సిందే. ఇంటర్‌కూలర్ వైపు మోచేతి పైపు, ఆయిల్ లైన్లు, డౌన్‌పైపు (టర్బో నుంచి పొగ బయటికెళ్ళే పైపు) దేనికవే మారొచ్చు. టర్బో ధర చూసి సంతోషించి, ఈ చిల్లర సామాను బిల్లు వచ్చాక తల పట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను. మీ ఇంజిన్‌కు అచ్చంగా అమరేలా కట్టిన కిట్ అయితే ఈ టెన్షన్ ఉండదు.

ఎగ్జాస్ట్ బ్రేక్ ఉందా? మీరు చెప్పలేదు. 6 టన్నులు లాగే మాన్యువల్ బండికి ఉండాలి. ఎక్కడం టర్బో పని అయితే దిగడం దీని పని. పాత బండ్లలో ఇది టర్బో తర్వాత డౌన్‌పైపులో సీతాకోకచిలుక రెక్కలా తిరిగే వాల్వు. హెచ్ఎక్స్35 నోటికి తగ్గట్టు చేసిన బ్రేకు ఎస్300 నోటికి నేరుగా పట్టకపోవచ్చు. కొనేముందు అమరుతుందో లేదో కచ్చితంగా కనుక్కోండి. టర్బో కోసం బ్రేకు తీసి పక్కన పడేసే పరిస్థితి వస్తే ఆ టర్బో వద్దు, వేరేది చూడండి.

మీ బడ్జెట్ తక్కువైతే ఇంకో దారి ఉంది. 2004 మధ్య నుంచి 2007 వరకు 5.9 కామన్ రైల్ ఇంజిన్లకు వచ్చిన హెచ్ఈ351సీడబ్ల్యూ. దాని కంప్రెసర్ మీ హెచ్ఎక్స్35 కన్నా పెద్దది. చాలామంది దాన్ని మీ తరం బండ్లకు పెట్టుకుంటారు. వేస్ట్‌గేట్‌ను ఆ బండ్లలో కంప్యూటర్ నడిపిస్తుంది కాబట్టి మీకు మామూలు యాక్చుయేటర్‌గా మార్చాలి, డౌన్‌పైపు మోచేయి కూడా మారుతుంది. ట్రైలర్ పనికి హాయిగా ఉంటుంది. పోటీలో హెచ్ఎక్స్35 కన్నా మెరుగే కానీ 62 ఇచ్చేంత ఇవ్వదు.

రెండూ నిజంగా బాగా జరగాలంటే జవాబు కాంపౌండ్. చిన్న టర్బో ఒకటి, పెద్దది ఒకటి వరసలో. పెద్దది కుదించిన గాలిని చిన్నది మళ్ళీ కుదిస్తుంది. రేషియోలు గుణించుకుంటాయి. రెండేసి చొప్పున ఇస్తే నాలుగు వస్తుంది, ఏదీ అతిగా శ్రమ పడదు. కింద చిన్నది చటుక్కున లేస్తుంది, పైన పెద్దది అందుకుంటుంది, ఎత్తయిన కొండల్లో కూడా వేడి దిగుతుంది. చిన్నదాని వేస్ట్‌గేట్ సరిపడా పెద్దది కాకపోతే మాత్రం పైన అదే బిరడా అవుతుంది. ఖర్చు, బరువు, బానెట్ కింద ఇరుకు, లీకవడానికి రెట్టింపు చోట్లు, ఇవన్నీ దానితోపాటు వస్తాయి. ఏదైనా చిన్న పనికి కూడా సగం సామాను విప్పాలి. పోటీ నియమాల్లో కూడా చాలా క్లాసులు ఒక్క టర్బోనే ఒప్పుకుంటాయి.

నియమాల మాట వచ్చింది కాబట్టి, కొనేముందు మీరు పాల్గొనే క్లాసు రూల్ బుక్ తెప్పించుకోండి. చాలా చోట్ల 2.5, 2.6, 3.0 అంగుళాలు అని టర్బో నోటి వ్యాసాన్ని బట్టి క్లాసులు విడదీస్తారు. 2.5 అంగుళాలంటే 63.5 ఎంఎం. 66 కొంటే ఆ క్లాసులోంచి బయటపడతారు. పై క్లాసులో మీ పక్కన నిలబడేవాళ్ళు కేవలం పోటీ కోసం కట్టిన బండ్లతో వస్తారు. కంప్రెసర్ కవర్ లోపల చుట్టూ ఒక గాడి ఉంటుంది, సర్జ్ తగ్గించడానికి. ట్రైలర్ పనికి అది చాలా మేలు. కొన్ని క్లాసులు ఆ గాడిని ఒప్పుకోవు. అలాంటి చోట పోటీ కోసం గాడి లేని కవర్ విడిగా కొని మార్చుకోవడం కుదురుతుందేమో చూడండి.

కొత్త బండ్లలో వచ్చే వేరియబుల్ జియోమెట్రీ టర్బో గురించి ఒక మాట. 6.7 కమిన్స్, 6.0 పవర్ స్ట్రోక్, 2004 మధ్య తర్వాతి డ్యూరామ్యాక్స్ వీటితోనే వచ్చాయి. హౌసింగ్ గొంతు నడుస్తుండగానే ఇరుకవుతుంది, విశాలమవుతుంది. లోడు లాగడానికి ఆలోచన చాలా మంచిది, ఎగ్జాస్ట్ బ్రేక్ పని కూడా అదే చేయగలదు. మసి పట్టి కదిలే భాగాలు బిగుసుకుపోవడం దాని జబ్బు. దానికి కంప్యూటర్ కంట్రోల్ కావాలి కాబట్టి మీ బండికి తేవడం చాకిరీ, వదిలేయండి. పర్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న బండి అయితే ఉద్గార నియమాలు ఒప్పుకున్న టర్బో మాత్రమే పెట్టాలి.

బ్రాండ్ గురించి వాదన పెట్టను. పేరున్న కంపెనీ అసలు సరుకు కొనండి. హెచ్ఎక్స్35కు, ఎస్300కు నకళ్ళు కొల్లలుగా ఉన్నాయి. చూడటానికి తేడా ఉండదు. నిమిషానికి లక్షకు అటూ ఇటూ తిరిగే చక్రం బ్యాలెన్స్ కొంచెం తప్పినా బేరింగ్ తినేస్తుంది. రెక్క ముక్క విరిగితే అది ఇంటర్‌కూలర్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి పోవచ్చు. బాల్ బేరింగ్ లేకపోయినా ఫర్వాలేదు, మామూలు జర్నల్ బేరింగ్ చాలు. థ్రస్ట్ బేరింగ్ మాత్రం పూర్తి 360 డిగ్రీలది అడగండి.

పాత టర్బో ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగించకండి. షాఫ్ట్ పక్కలకు కొంచెం ఆడటం జర్నల్ బేరింగ్‌లో మామూలే, ఆయిల్ పొర కోసం ఆ సందు ఉండాలి. చక్రం గోడకు రాసుకోకూడదు. ముందుకూ వెనక్కూ ఆడటం చేతికి తెలిస్తే మాత్రం పోయినట్టే. ఆయిల్ కారడానికి ప్రతిసారీ సీలే కారణం కాదు. ఆయిల్ దిగే పైపు మూసుకుపోయినా, వంకర తిరిగినా, ఇంజిన్ క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగినా ఆయిల్ వెళ్ళే దారి లేక టర్బోలోంచి బయటికొస్తుంది. బిగించేటప్పుడు ఫీడ్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పండి. ఆయిల్ లైన్లకు సిలికాన్ గమ్ పూయొద్దు, ముక్క ఊడి దారికి అడ్డం పడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ కనిపించి కాసేపయ్యే దాకా యాక్సిలరేటర్ ముట్టుకోకండి.

టర్బోతో పాటు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. 35 పీఎస్‌ఐ దాటి తరచూ పోయేట్టయితే హెడ్ స్టడ్లు (సిలిండర్ హెడ్‌ను పట్టి ఉంచే గట్టి బోల్టులు) వేయించండి. క్లచ్ కంపెనీది ఇంకా ఉంటే పోటీలో అదే ముందు జారుతుంది. మీ ఇంజెక్షన్ పంపు వీపీ44. దానికి డీజిల్ సరఫరా ఒత్తిడి తక్కువైతే బతకదు, లోడులో కూడా 10 పీఎస్‌ఐ కన్నా తగ్గకుండా లిఫ్ట్ పంపు చూసుకోండి. బ్లాక్ మీద 53 అని పోత అంకె ఉందేమో కూడా చూడండి. 1999 నుంచి 2001 మధ్య వచ్చిన ఆ బ్లాకుల్లో కొన్ని నీటి జాకెట్ దగ్గర చీలడం అందరికీ తెలిసిన విషయమే. ఉంటే పోటీల ఆలోచన కొంచెం తగ్గించుకోవడం మంచిది.

పైరోమీటర్ (ఎగ్జాస్ట్ వేడి కొలిచే గేజ్) మొన టర్బోకు ముందు, మానిఫోల్డ్‌లోనే ఉండాలి. టర్బో తర్వాత పెడితే లోడులో వందల డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఆ తేడా కూడా ఒకేలా ఉండదు. లోడుతో ఎక్కేటప్పుడు నిలకడగా 1,250 ఫారెన్‌హీట్, అంటే 680 సెల్సియస్ లోపు ఉంచుకోండి. పోటీలో అంతకు మించిపోతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బండి ఆపేముందు వేడి 350 ఫారెన్‌హీట్ దిగే దాకా ఐడిల్‌లో ఉంచండి. లేకపోతే షాఫ్ట్ దగ్గర నిలిచిపోయిన ఆయిల్ కాలి బొగ్గవుతుంది.

కొత్తది పెట్టాక ట్రైలర్ తగిలించి, ఎప్పుడూ ఎక్కే మిట్టనే గేరు దించి 2,300 మీద ఎక్కించండి. బూస్ట్, డ్రైవ్ ప్రెషర్, వేడి మూడూ రాసుకోండి. వేడి తగ్గి, డ్రైవ్ ప్రెషర్ బూస్ట్‌కు ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే మీకు కావల్సింది వచ్చింది. డ్రైవ్ ప్రెషర్ మరీ ఎక్కువైతే ముందు వేస్ట్‌గేట్ ఇంకాస్త ముందుగా తెరుచుకునేలా తిప్పండి. అప్పటికీ దిగకపోతే 12 హౌసింగ్ తీసి 14 వేయండి, టర్బో మొత్తం మార్చనక్కర్లేదు. బూస్ట్ రావడానికే ఆలస్యమవుతూ కింద పొగ కక్కుతుంటే లీకుల టెస్టు మళ్ళీ చేయండి, ఆ తర్వాత ట్యూనింగ్ బాక్సులో కింది ఆర్‌పీఎం డీజిల్ తగ్గించండి. ఆ మూడు అంకెలు, మీ ఇంజెక్టర్ల సైజు ఇక్కడ రాస్తే 12 మీదే ఉండాలో లేదో చెప్తాను.